చివర్లో వచ్చే పేర్లు

మా పెదనాన్న తెనాలిలో కంపోజిటర్‌గా పనిచేసి రిటైరయ్యారు. సీసం అక్షరాల కేసు ముందు రోజంతా నిలబడి శుభలేఖలు, కరపత్రాలు, గుడి సావనీర్లు ఒక్కో అక్షరం ఏరి పేర్చిన మనిషి. అచ్చులో పేరు విలువేమిటో ఆయనకు తెలిసినంతగా మా ఇంట్లో ఇంకెవరికీ తెలియదు. శుభలేఖలో ఆహ్వానించువారి వరసలో ఒక బాబాయి పేరు ఎగిరిపోతే ఆ పెళ్ళికి ఆ బాబాయి రాడు, ఆయన తాలూకు వాళ్ళెవరూ రారు. అందుకని ప్రూఫులో తక్కిన మాటలు ఒక్కసారి చూసినా, పేర్ల దగ్గర మాత్రం వేలు పెట్టి, పైకి చదువుతూ, మళ్ళీ మళ్ళీ చూసేవారట.

ఆయన బీరువాలో బైండు చేయించిన చందమామ సీరియళ్ళున్నాయి. నెలనెలా సంచికలోంచి సీరియల్ పేజీలు విడదీసి, వరసగా పేర్చి, కుట్టించి, గట్టి అట్ట వేయించినవి. తోకచుక్క, మకరదేవత, కంచుకోట, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం. మొదటి పేజీలో సీరియల్ పేరు కింద, అచ్చక్షరాల్లాగే పొందిగ్గా, పెన్సిల్‌తో రాసి ఉంటుంది: రచన, దాసరి సుబ్రహ్మణ్యం.

పెన్సిల్‌తో ఎందుకంటే అచ్చులో ఆ పేరు లేదు. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసు నుంచి మొదలుపెట్టిన పత్రిక చందమామ. చక్రపాణిది మా తెనాలేనని పెదనాన్న ప్రతిసారీ గుర్తుచేస్తారు. 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి, మొత్తం పన్నెండు సీరియళ్ళు చందమామ ఆఫీసులో కూర్చుని దాసరి సుబ్రహ్మణ్యం గారే రాశారు. ఆ సీరియళ్ళకు రచయిత పేరు వేసేవారు కాదు. బొమ్మ మూల దాన్ని వేసిన చిత్రా గారి సంతకం కనిపించేది గానీ, కథ రాసినదెవరో పాఠకుడికి తెలిసేది కాదు. కుండలినీ ద్వీపం, సమరసేనుడు, ఏకాక్షి, చతుర్నేత్రుడు అని వల్లెవేస్తూ పెరిగిన పెదనాన్నకు వాళ్ళను పుట్టించిన మనిషి పేరు తెలిసేసరికి తల నెరిసింది. తెలిసిన రోజున బీరువా తెరిచి, అన్ని బైండ్లూ కింద పరిచి, పెన్సిల్ చెక్కుకుని కూర్చున్నారు. సుబ్రహ్మణ్యం గారు 2010లో కన్నుమూశారు. ఒక్క ఉత్తరమైనా రాయలేకపోయానే అని పెదనాన్న ఇప్పటికీ బాధపడతారు.

నాకు ఆ బైండ్లే మొదటి ఫాంటసీ నవలలు. వేసవి సెలవులకు తెనాలి వెళితే మధ్యాహ్నాలన్నీ వాటితోనే. శిథిలాలయంలో శిఖిముఖి, విక్రమకేసరి వెళ్ళే దారుల వెంట నేనూ వెళ్ళేదాన్ని. కథకంటే ముందు నన్ను పట్టేసినవి ఆ బొమ్మల్లోని రాళ్ళు. కూలిన గోపురం, రాతి సందుల్లోంచి దిగిన మర్రి ఊడలు, సగం నేలలో దిగబడిన విగ్రహం. ఆ గుమ్మం దాటి లోపలికి వెళితే ఏముంటుందో చూడాలని ఒళ్ళంతా ఒకటే తహతహ. పేజీ తిప్పితే వాళ్ళు వెళ్ళేవాళ్ళు, నేను బయటే ఉండిపోయేదాన్ని.

ఆ గుమ్మం దాటించింది వీడియో గేములు. ఇంజనీరింగ్‌లో ఉండగా స్నేహితురాలి గదిలో స్కైరిమ్ ఆడాను. 2011లో వచ్చిన ఆట. కొండ మీద పాడుబడ్డ రాతి కట్టడం కనిపిస్తే కథను పక్కన పెట్టి దానివైపు నడవొచ్చు. తలుపు తోయొచ్చు. లోపల కాగడా పట్టుకుని గోడమీది చెక్కడాలు చూస్తూ ఎంతసేపైనా నిలబడొచ్చు, ఎవరూ పేజీ తిప్పరు. ఆ రాత్రి నేను శత్రువులతో పోరాడిన దానికంటే గోడలు చూసిందే ఎక్కువ. తర్వాత అర్సులా లెగ్విన్ రాసిన ఎర్త్‌సీ నవలలు దొరికాయి. మొదటిది 1968 నాటిది. ఆ లోకంలో ప్రతి ప్రాణికీ ఒక అసలు పేరుంటుంది. అది తెలిసినవాడికి ఆ ప్రాణి మీద అధికారం వస్తుంది, అందుకే మనుషులు దాన్ని ప్రాణంలా దాచుకుని, బాగా నమ్మినవాళ్ళకే చెబుతారు. ఆ నవల కథ పెదనాన్నకు చెబితే, "ఆవిడెవరో పేరు సంగతి బాగా తెలిసిన మనిషేనమ్మాయ్" అన్నారు.

ఆటల మీద నా పిచ్చి చూసి నవ్వని పెద్దమనిషి మా బంధువుల్లో ఆయనొక్కరే. హైదరాబాద్ వచ్చినప్పుడల్లా రాత్రి భోజనాలయ్యాక, "ఏదీ, ఆ లోకం తెరువు" అని సోఫాలో చేరేవారు. కంట్రోలర్ ఎలా పట్టుకోవాలో నేర్పాను. కత్తి తిప్పడం ఆయనకు పడలేదు, నడక మాత్రం పట్టుబడింది. స్కైరిమ్‌లో ఇళ్ళల్లో అలమార్లుంటాయి, వాటిలో పుస్తకాలుంటాయి, తెరిచి చదువుకోవచ్చు. వాటిలో చాలావాటికి రచయిత పేరు కూడా ఉంటుంది, ఆ లోకం తాలూకు కల్పిత రచయితే. ఊరి మీద డ్రాగన్ ఎగురుతుంటే పెదనాన్న ఎవరింట్లోనో దూరి, అలమార ముందు నిలబడి, ఒక్కో పుస్తకం తీసి రచయితెవరో చూసి, తృప్తిగా తలాడించి మళ్ళీ అక్కడే పెట్టేవారు.

ఒకసారి ఆయనకు అడ్వెంచర్ చూపించాను. అటారీ కంపెనీది, 1980 నాటిది, 2022లో వచ్చిన అటారీ 50 సంకలనంలో ఇప్పటికీ ఆడుకోవచ్చు. ఆట మొత్తం నాలుగు కిలోబైట్లలో పట్టేసింది. ఇవాళ సెల్‌ఫోన్‌లో తీసిన ఒక్క ఫోటోలో అలాంటివి వందలు పడతాయి. అందులో హీరో ఒక చిన్న చదరం, కాళ్ళూ చేతులూ లేవు. కత్తి ఒక బాణం గుర్తు. పసుపు, ఆకుపచ్చ, ఎరుపు రంగుల్లో మూడు డ్రాగన్లు. ఒక గబ్బిలం ఉన్నట్టుండి వచ్చి మన చేతిలోది లాక్కుని, తన దగ్గరున్నది పడేసి పోతుంది. మాయపాత్రను వెతికి బంగారు కోటకు చేర్చాలి. ఎర్ర డ్రాగన్ మింగేస్తే మన చదరం దాని పొట్టలో కనిపిస్తూ ఉంటుంది. "చెయ్యి కూడా లేదు, అయినా భయమేస్తోందే!" అన్నారు పెదనాన్న.

నేను చూపించాలనుకున్నది ఆ భయం కాదు. నల్లకోట లోపలి దారుల్లో నాలుగు వైపులా గోడలున్న ఒక చోటుంది. వంతెనను మోసుకొచ్చి గోడకు అడ్డంగా పెడితే తప్ప అందులోకి దారి లేదు. అక్కడ ఒకే ఒక్క చుక్క ఉంటుంది. నేల రంగూ దాని రంగూ ఒకటే కాబట్టి కంటికి ఆనదు, తడుముకుంటూ తిరగాలి. తగిలిందా, శబ్దం వస్తుంది. ఆ చుక్కను మోసుకుని బంగారు కోట కిందున్న దారిలో ఒక మూలకు తీసుకెళ్ళి, ఇంకో రెండు వస్తువులు కూడా అక్కడ చేరిస్తే గోడ మినుకుమినుకుమంటుంది. అందులోంచి దూరిపోవచ్చు. అవతల ఖాళీ గది. గది మధ్యలో రంగులు మారుతూ నిలువు వరసలో అక్షరాలు. ఈ ఆట చేసింది వారెన్ రాబినెట్ అని.

"ఆపమ్మాయ్, ఆపు" అన్నారు పెదనాన్న. కళ్ళజోడు సర్దుకుని దగ్గరకెళ్ళి చదివారు. "నిలువుగా పేర్చాడే! చోటు చాలక అయ్యుంటుంది."

నిజంగానే చోటు కరువు. ఆ రోజుల్లో అటారీ ఆటల పెట్టెలమీద చేసినవాళ్ళ పేర్లుండేవి కావు. రాబినెట్ జీతగాడు. ఆయన చేసిన ఆట పది లక్షల దాకా అమ్ముడుపోయినా ఆయనకు జీతం తప్ప వాటా లేదు. అసలు అంత పెద్ద ఆట ఆ చిన్న మెమరీలో పట్టదు, మానెయ్యమని పైఅధికారి చెప్పినా వినకుండా పూర్తిచేశాడు. ఆ దొరికిన కొద్ది చోటులోనే కాస్త మిగిల్చి, ఎవరికీ చెప్పకుండా, తన పేరుకు ఒక గది కట్టుకున్నాడు. తర్వాత ఉద్యోగం మానేసి వెళ్ళిపోయాడు. అమెరికాలో సాల్ట్ లేక్ సిటీలో ఉండే పదిహేనేళ్ళ కుర్రాడు ఆ గది కనిపెట్టి కంపెనీకి ఉత్తరం రాసేదాకా వాళ్ళకే తెలియదు. అదే అటారీ నుంచి 1979లో నలుగురు ప్రోగ్రామర్లు బయటికొచ్చి యాక్టివిజన్ పెట్టుకున్నారు. వాళ్ళ ఆటలమీద చేసినవాడి పేరు అచ్చువేసేవారు.

ఇదంతా చెబితే పెదనాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మన సుబ్రహ్మణ్యం గారు కూడా ఏ సీరియల్లోనైనా ఏదో ఒక గుహలో పెట్టారేమోనే. ఇంటికెళ్ళి మళ్ళీ మొదటినుంచీ చదువుతాను" అన్నారు. వెళ్ళి నిజంగానే చదివారు.

నేను చేసే పని కూడా ఆటలదే కాబట్టి ఇంత చెబుతున్నాను. హైదరాబాద్‌లో ఒక స్టూడియోలో పనిచేస్తాను. విదేశీ కంపెనీలు చేసే పెద్ద పెద్ద ఆటలకు కోటలు, చెట్లు, బండలు, కవచాలు, కుండలు మా దగ్గర తయారవుతాయి. నా వంతు రాళ్ళు. రాయి తేలికని చాలామంది అనుకుంటారు. ముందు జీబ్రష్ అనే సాఫ్ట్‌వేర్‌లో మట్టి ముద్దలాంటి దాన్ని చెక్కాలి. అంచులు పెచ్చులూడాలి, కానీ అన్ని అంచులూ ఒకేలా ఊడకూడదు. మనిషి చెయ్యి తగిలే ఎత్తులో రాయి నున్నగా అరిగి ఉండాలి. నాచు వాన నీరు కారే దారిలోనే పట్టాలి, ఎండ పడే వైపు ఎండిపోయి నల్లబడాలి. గడప మధ్యలో పల్లం పడాలి, ఎందుకంటే అక్కడే కదా వందల ఏళ్ళు అందరూ కాలు పెట్టింది. ఇవన్నీ చెక్కాక, అంత బరువు ఆట మోయలేదు కాబట్టి, ఆ గీతల్నీ గుంటల్నీ ఒక పల్చటి రూపం మీదికి దించాలి. కంటికి లోతు కనిపించాలి, యంత్రానికి భారం కాకూడదు.

అలా నేను చేసిన వాటిలో నాకు బాగా ఇష్టమైనది ఒక పాడుబడ్డ గుడి గుమ్మం. అవతలివాళ్ళు పంపిన నమూనాలో ఉత్త రాతి కమాను. దానికి మర్రి ఊడలు దింపాను, ఒక ద్వారపాలకుణ్ణి నడుము దాకా నేలలో పాతాను. వాళ్ళు ఒప్పుకున్నారు. అప్పుడు నాకు ఏడో నెల. వెనక దిండు పెట్టుకుని కూర్చుని ఆ గడప అరుగుదల పూర్తిచేశాను. మా పాప పుట్టి, బారసాలై, సెలవు అయిపోయి నేను మళ్ళీ వెళ్ళేసరికి కూడా ఆ ఆట పని సాగుతూనే ఉంది. పాపకు పెద్ద పేరు పెదనాన్నే పెట్టారు. ఇంట్లో మాత్రం అందరికీ చిట్టే.

ఆట బయటికొచ్చాక పెదనాన్న తెనాలి నుంచి పనిగట్టుకుని దిగారు. చిట్టిని నిద్రపుచ్చి, దీపాలార్పి మొదలుపెట్టాం. నా గుమ్మం దగ్గరికి చేరడానికి చాలా దూరం ఆడాలి. ఆయన విసుక్కోలేదు. మామూలుగా ఆడేవాళ్ళు దాన్ని చూసేది రెప్పపాటు, వెనక ఏదో తరుముతుంటే పరుగెత్తి దాటేస్తారు. నేను తరిమేవాటినన్నిటినీ ముందే చంపేసి, కంట్రోలర్ ఆయన చేతికిచ్చాను.

నెమ్మదిగా నడిపించుకుంటూ వెళ్ళి గుమ్మం ముందు నిలబెట్టారు. పైకి చూశారు. ఊడలు చూశారు. కిందికి దించి గడప చూశారు. పక్కకు తిరిగి నడుము దాకా పాతుకుపోయిన ద్వారపాలకుణ్ణి చూశారు. ఆయన ముఖం వెలిగిపోయింది.

"ఇది శిథిలాలయం కదే!"

"అవును పెదనాన్నా."

"చిత్రా గారు చూసుంటే ఎంత సంతోషించేవారో." గుమ్మం లోపలికీ బయటికీ మళ్ళీ మళ్ళీ నడిచారు. చిన్నప్పుడు నేను బయట ఆగిపోయిన గుమ్మంలోంచి ఆయన అలా వస్తూ పోతూ ఉంటే నాకు గొంతు పూడుకుపోయింది. ఈ పనిలో ఇంతకు మించిన ఆనందం ఉంటుందని నేననుకోను.

తర్వాత ఆయన రాతి మూలలన్నీ వెతకడం మొదలుపెట్టారు.

"ఏం చూస్తున్నారు?"

"సంతకం ఎక్కడ పెట్టావు?"

"అలా పెట్టకూడదు పెదనాన్నా, ఒప్పందాలుంటాయి. ఇప్పుడు రాబినెట్ కాలం కాదుగా. పేర్లన్నీ ఆట చివర్లో వస్తాయి."

"అయితే చివరిదాకా చూద్దాం."

మర్నాటి రాత్రి ఆట ముగించాను. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు కింది నుంచి పైకి కదలడం మొదలైంది. పెదనాన్న కుర్చీ టీవీకి దగ్గరగా జరుపుకుని, వేలు గాల్లో పెట్టి, ప్రూఫు చూస్తున్నట్టే పైకి చదవసాగారు. దర్శకులు, రచయితలు, ప్రోగ్రామర్లు, సంగీతం, గుర్రాల కదలికలు చూసినవాళ్ళు, వివిధ దేశాల్లో అమ్మకాలు చూసినవాళ్ళు, లెక్కలు రాసినవాళ్ళు, క్యాంటీన్‌లో వండినవాళ్ళు. వంటవాళ్ళ పేర్లు రాగానే, "భేష్, ఇదీ మర్యాద" అన్నారు. నాకూ ఆ మాట నిజమే అనిపించింది.

చాలాసేపటికి, బయటినుంచి సాయం చేసిన సంస్థలు వచ్చాయి. మా స్టూడియో పేరు వచ్చింది. దాని కింద రెండు పేర్లు. ఇద్దరూ మేనేజర్లు. ఆ వెంటనే వేరే దేశపు స్టూడియో మొదలైంది.

పెదనాన్న వేలు గాల్లోనే ఆగిపోయింది. "ఇద్దరేనా? మీ హాలు నిండా మనుషులుంటారన్నావు?"

"కొన్నిసార్లు అంతే వేస్తారు పెదనాన్నా."

"ఇంకోచోట వేసి ఉంటారులే. పెద్ద జాబితా కదా, వరస మారుతుంది" అని ఆయనే సర్దిచెప్పి, మళ్ళీ చదవడం అందుకున్నారు. సగం నా కోసం, సగం తన కోసం అలా అంటున్నారని తెలుస్తూనే ఉంది. కృతజ్ఞతలు అయ్యాయి. పాటల హక్కులు అయ్యాయి. అప్పుడు కొత్త శీర్షిక ఒకటి వచ్చింది. ఆట తయారవుతుండగా పుట్టిన పిల్లలు అని.

"ఇదేంటమ్మాయ్?"

"ఇన్నేళ్ళు పని జరిగేటప్పుడు ఆ పనిచేసినవాళ్ళ ఇళ్ళల్లో పుట్టిన పాపాయిల పేర్లు. వాళ్ళు అలా వేసుకోవడం ఆనవాయితీ."

ఆయన ఒక్కసారిగా నిటారుగా కూర్చున్నారు. "మంచి ఆనవాయితీ! మన చిట్టి కూడా అప్పుడే కదా పుట్టింది? నువ్వు సెలవు చీటీ రాసిచ్చావు, వాళ్ళకు తెలిసే ఉంటుంది. ఉండు, నన్ను చూడనీ." తాను పెట్టిన పేరు కోసం ఒక్కో వరసా ఒత్తి ఒత్తి చదివారు. జాబితా అయిపోవస్తుంటే గొంతు తగ్గింది. కళ్ళజోడు తీసి, పంచెతో అద్దాలు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు. ఆ తుడుచుకునే వ్యవధిలో తెర మీద వరసలు ఇంకొన్ని జరిగిపోయాయి.

"బిస్కెట్... లూనా... మిస్టర్ పికిల్స్... కోకో..." చదువుతూ చదువుతూ ఆయన ముఖంలో మళ్ళీ ఆశ కనిపించింది. "ఇవన్నీ ముద్దుపేర్లలా ఉన్నాయే! పెద్ద పేరు కాదమ్మాయ్, చిట్టి అని వేశారేమో, జాగ్రత్తగా చూడు."

"పిల్లల పేర్లు ఇందాకే అయిపోయాయి పెదనాన్నా. మీరు కళ్ళజోడు తుడుచుకుంటుంటే శీర్షిక మారింది. ఇవి వాళ్ళ ఆఫీసు కుక్కలవి."